పది నిమిషాల కూల్‌డౌన్

కొన్నేళ్ల క్రితం ఒక డెలివరీ కంపెనీలో పనిచేసేటప్పుడు, ఆర్డర్లు పంచే కోడ్‌లో చిన్న ముక్క ఒకటి రాశాను. రైడర్ వరసగా మూడు ఆర్డర్లు వద్దంటే పది నిమిషాలపాటు అతనికి కొత్త ఆర్డర్ వెళ్లదు. దానికి 'కూల్‌డౌన్' అని పేరు పెట్టుకున్నాం. అది శిక్ష అని మా టీమ్‌లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

తర్వాతెప్పుడో, ఉబర్ డ్రైవర్ల కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ట్రిప్పులు తరచూ కాదనే డ్రైవర్లను యాప్ పది నిమిషాలు బయటకు నెట్టేసేదట! కోర్టు దాన్ని అదుపు కిందే లెక్కవేసింది. కాంట్రాక్టులో ఏం రాసుంది అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టకూడదు అంది. ఛార్జీ ఎవరు నిర్ణయిస్తున్నారు, షరతులు ఎవరు పెడుతున్నారు, రేటింగ్ తగ్గితే ఏమవుతుంది అని చూసి, వీళ్లు సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు కాదు, 'వర్కర్లు' అని తేల్చింది.

పేరు కాదు, పని చూడమనే ఈ మాట అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లోనే, తన 198వ సిఫారసులో చెప్పింది. ఇద్దరి మధ్య సంబంధాన్ని కాగితం మీద ఏమని పిలుచుకున్నా, పని ఎలా జరుగుతోంది, డబ్బు ఎలా ముడుతోంది అన్న వాస్తవాలే ముఖ్యం. సిఫారసు కాబట్టి ఏ దేశాన్నీ కట్టిపడేయదు. అయినా జడ్జీలు దాన్ని తెచ్చుకుని వాడుతున్నారు. ఉరుగ్వేలో 2020లో అప్పీలు కోర్టు దాని ఆసరాతోనే ఒక ఉబర్ డ్రైవర్‌ని ఉద్యోగి అంది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. 2023 నవంబరులో డెలివరూ రైడర్ల కేసులో అదే బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. యూనియన్ ద్వారా కంపెనీతో బేరమాడే హక్కు కావాలన్నది వాళ్ల వాదన. యూరోపియన్ మానవహక్కుల ఒప్పందం 11వ అధికరణం ఇచ్చే ఆ హక్కు వీళ్లకి దక్కాలంటే ఉద్యోగ సంబంధం ఉండాలి. ఉందా లేదా అని తేల్చడానికి కోర్టు ఈ 198వ సిఫారసునే ముందు పెట్టుకుంది. రైడర్లు ఓడిపోయారు. ముఖ్య కారణం: రైడర్ తన బదులు ఇంకొకర్ని పంపుకోవచ్చు. కొత్త కాంట్రాక్టులో ఆ వెసులుబాటు ఉంది, కంపెనీ అడ్డుపడటంలేదు, వాడుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి అది బూటకం కాదు, వాస్తవమే.

జడ్జీలు సిఫారసును పక్కన పడేశారని అనడానికి లేదు. వాస్తవాలు చూడమన్నాం, చూశారు. నన్ను తొలిచేది వేరే. వానలో ఆర్డర్ మోసుకెళ్లడం ఒక వాస్తవం. కావాలంటే తమ్ముణ్ణి పంపగలగడం ఇంకొక వాస్తవం. మొదటిది రోజూ జరిగేది, రెండోది జరగగలిగేది. జరగగలిగేదాన్ని లాయరు ఒక్క క్లాజుతో పుట్టించగలడు. మేమైతే ఒక్క స్విచ్‌తో. ఆ స్వేచ్ఛకి విలువ లేదని నేననను. జ్వరం వచ్చినరోజు అది నిజంగానే అక్కరకొస్తుంది. కానీ వాళ్లు బేరమాడాలనుకున్నవాటిలో మొదటిది రేటు కదా? తమ్ముడు వెళ్లినా రేటు అదే. ఒక పనికొచ్చే స్వేచ్ఛ, దానితో ఏ సంబంధమూ లేని హక్కుని ఎందుకు మింగెయ్యాలి? తీర్పు రెండుసార్లు చదివినా నాకు దీనికి జవాబు దొరకలేదు.

మన దగ్గర ఇంకో రకం. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్, గిగ్ వర్కర్ అంటే సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట సంపాదించుకునేవాడని నిర్వచనంలోనే చెప్పేసింది. ఇక్కడ పేరు పెట్టింది కంపెనీ కాదు, చట్టమే. రేపు హైదరాబాద్ రైడర్ ఎవరైనా పనిని చూడండి మహాప్రభో అని కోర్టుకెళితే, ముందు ఆ వాక్యాన్ని దాటాలి.

అప్పుడు వాస్తవాల కోసం ఎక్కడ వెతుకుతారు? చాలావరకు మా కోడ్‌లోనే. అక్కడ 'యజమాని' అన్న మాట ఎక్కడా కనపడదు. ఆ పది నిమిషాల ముక్కని చేర్చినప్పుడు దేనికి చేరుస్తున్నామో ఒక లైను రాయాలి. నేను రాసింది ఇప్పటికీ గుర్తుంది: 'రైడర్ అనుభవాన్ని మెరుగుపరచడానికి'.