గర్భస్థ శిశువును గూర్చి ముందే తెలిసికొనుట ధర్మమా?

గర్భము నిలిచిన మూడవ నెలలోనే వైద్యులు కొన్ని పరీక్షలు వ్రాసియిచ్చుట నేడు సర్వసాధారణమైనది. ఓడల కర్మాగారమునకును చమురు శుద్ధి కర్మాగారమునకును సమీపముననున్న మల్కాపురము వంటి శ్రామికుల వాడలో గూడ, కోడలిని ఘోషా ఆసుపత్రికో కె.జి.హెచ్.కో తోడ్కొనిపోవు అత్తగారికి ఎన్.టి. స్కాను, డబుల్ మార్కరు అను పేర్లు పరిచితములే. అర్థము మాత్రము పరిచితము కాదు. శివుడిచ్చిన బిడ్డను పరీక్షించుటేమని కొందరందురు. పరీక్షలో తేలినచో బిడ్డకు ఏ లోపమును ఉండదని మరికొందరు ధీమాపడుదురు. రెండును పొరపాటేయని మా అభిప్రాయము.

ఎన్.టి. స్కాను 11 వారములు నిండిన పిదప, 14 వారములు నిండులోపల జరుగును. శిశువు మెడ వెనుక చర్మము క్రింద నుండు నీటిపొర మందమును అందు కొలుతురు. డబుల్ మార్కరు తల్లి రక్తములోని రెండు పదార్థముల కొలత. వీనిని తల్లి వయస్సుతో కలిపి, శిశువునకు డౌన్ సిండ్రోమ్ ఉండు అవకాశమును అంకెలో చెప్పుదురు. ఈ స్థితిలో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడుండునని 1959లో ఫ్రాన్సు దేశమున లెజ్యూన్ బృందము ప్రకటించినది. తల్లికి 25 ఏండ్లయినచో సుమారు 1,250 మందిలో ఒకరికి, 35 అయినచో 350 మందిలో ఒకరికి ఇట్లు కలుగును. ఇది ఎవరి పాపఫలమును కాదు. గ్రహణమునాడు గర్భిణి బయట తిరిగినందువలన వచ్చునది అంతకన్న కాదు.

కాగితముపై 180కి 1 అనియు, ప్రక్కన హై రిస్కు అనియు చూడగనే ఇల్లంతయు శోకమున మునుగును. దాని అర్థమేమి? అట్టి ఫలితము వచ్చిన 180 మంది తల్లులలో 179 మంది బిడ్డలకు ఆ స్థితి ఉండదని! ఈ పరీక్ష జల్లెడ వంటిది. నూరుగురు గర్భిణులలో ఇంచుమించు ఐదుగురిని నిష్కారణముగ భయపెట్టును; ఆ స్థితి గల శిశువులు పదుగురిలో ఒకరిద్దరిని పట్టక విడుచును. 10 వారముల పిదప తల్లి రక్తముతోనే చేయు ఎన్.ఐ.పి.టి. దీనికన్న చాల నమ్మదగినది, ఖరీదును ఎక్కువే. అయినను అదియు జల్లెడయే. నిశ్చయము కావలెనన్న మావినుండి గాని, 15 వారముల పిదప ఉమ్మనీటినుండి గాని సూదితో తీసి పరీక్షింపవలెను. అందువలన గర్భస్రావమగు భయము నూటికొకటికన్న తక్కువే గాని బొత్తిగా లేకపోలేదు. జల్లెడ ఫలితమును మాత్రము చూచి గర్భమును తీయించుమనుట సాక్షిని విచారింపక శిక్ష వేయుటయే.

ప్రసంగవశమున ఒక మాట. మేనరికములు గల కుటుంబములు ఈ రెండు పరీక్షలతో తృప్తిపడరాదు. తలసీమియా, సికిల్ సెల్ వ్యాధులకు భార్యాభర్తలిరువురును వాహకులైనచో ప్రతి గర్భమునందును నాలుగింట ఒకవంతు బిడ్డకు వ్యాధి సోకవచ్చును. దీనిని తెలుపునది వారి రక్తపరీక్షయే, డబుల్ మార్కరు కాదు.

ఇక ధర్మవిచారము. ఎనిమిదవ నెలలో గర్భస్థ శిశువునకే లింగధారణ చేయు ఆచారము మనది. ఆ బిడ్డకు బుద్ధి చురుకగునా, అవయవములు చక్కనుండునా యని గురువు అడుగడు. ఆడయో మగయో అసలే అడుగడు. 1994 నాటి చట్టము నిషేధించిన లింగనిర్ధారణకు మన యిండ్లలో చోటులేకుండుటకు ఈ ఆచారమొక్కటియే చాలవలసినది. డౌన్ సిండ్రోమ్ గల బిడ్డలలో ఇంచుమించు సగముమందికి గుండెలోపముండును. పెక్కింటిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చును. వారు నడక, మాట, పని ఆలస్యముగ నేర్తురు, కాని నేర్తురు. ముందే తెలిసినచో కాన్పు ఎచ్చట జరుగవలెనో నిశ్చయించుకొనవచ్చును. కావున తెలిసికొనుట భక్తికి విరుద్ధము కాదు. అయితే రక్తమిచ్చుటకు ముందే దంపతులు, ఫలితము వచ్చిన ఏమి చేయుదుమని ఒకరినొకరు అడుగుకొనవలెను. పరీక్ష వలదనుటకును తల్లికి హక్కు కలదు.

గర్భమును కొనసాగింపజాలనను తల్లిని దూషించు అధికారము అత్తవారికి గాని మఠమునకు గాని లేదు. 1971 నాటి చట్టమునందును, 2021 సవరణ పిదపను, యుక్తవయస్కురాలైన స్త్రీ సమ్మతియే కావలెను. భర్త సంతకము అక్కరలేదు. ఇది మనవారిలో పలువురికి తెలియదు. ఆ తల్లికి బిడ్డను కనుమని బోధింపదలచిన మఠము, గుండె శస్త్రచికిత్సకును పిదప ఏండ్లతరబడి శిక్షణకును దాసోహనిధినుండి ఎంత ఇయ్యగలదో ముందుగ చెప్పవలెను.