పోషించేది ఎవరు?



మన సంఘాలలో బి.ఇడి. చదివినవారికి కొదువ లేదు. మిషను బడుల వలన మన పెద్దలకు అబ్బిన వృత్తి అది. పొలము లేని ఇళ్లకు పలకా బలపమే పొలమైనది. ఆ చదువుతో గల్ఫుకో మాల్దీవులకో వెళ్లి ఇంగ్లీషు చెప్పాలనుకునే యౌవనస్థులు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుచున్న మాట ఇది: "ఉద్యోగము దొరుకుతుంది మాస్టారూ, మరి మా ఇంట్లోవాళ్ల సంగతి?" ఇది జీతము ప్రశ్నలా కనబడుతుంది గాని, నిజానికి వివాహమును గూర్చిన ప్రశ్న.

భర్త వెళ్లి, భార్యను పెరంబూరులో అత్తమామల దగ్గర ఉంచి, నెలనెలా డబ్బు పంపితే మనమెవరమూ ఏమీ అనము. "బాగా చూసుకుంటున్నాడు" అంటాము. ఉద్యోగము భార్యకు వచ్చి, భర్త ఆమె వీసా మీద వెంట వెళ్లాడనుకోండి, మందిరము మెట్లు దిగకముందే గుసగుసలు మొదలవుతాయి. నాకు తెలిసిన ఒక సహోదరుడు అలా షార్జా వెళ్లి, ఏడాది తిరగకముందే ఒంటరిగా వచ్చేశాడు. అక్కడి ఎండకు తాళలేక కాదు, ఇక్కడినుండి ఫోనులో చేరిన మాటలకు తాళలేక. ఆమె ఇంకా అక్కడే పాఠాలు చెప్పుకుంటున్నది. ఆ కాపురము గురించి నాకు భయముగా ఉన్నది.

వీసా కాగితము మీద వెంట వెళ్లినవారిని డిపెండెంట్ అని రాస్తారు. ప్రభుత్వానికి పూచీ ఎవరో ఆ మాట చెబుతుంది, అంతే. ఎవరు ఎవరిని మోస్తున్నారో ఆ కాగితానికి తెలియదు. నలభై నోటుపుస్తకాలు దిద్ది రాత్రి పదింటికి అన్నము ముందు కూర్చున్న టీచరుకు ఆ అన్నము ఎవరు వండారు? పిల్లను బడినుండి ఎవరు తెచ్చారు? భర్త విదేశములో ఉండగా మంచాన పడిన మామగారికి మందులు పోసే కోడలు ఎవరి పోషణలో ఉన్నది, ఎవరిని పోషించుచున్నది? ఈ లెక్క రూపాయలలో తేలేది కాదు.

స్వంత ఇంటివారిని సంరక్షింపనివాని గూర్చి పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయమును కొందరు ఇలాంటి భర్తల మీదికి తెస్తారు. ఆ అధ్యాయమునే ఇంకొంచెము చదవండి. 16వ వచనములో తనవారి భారము వహించే పని విశ్వాసురాలైన స్త్రీకి కూడ అప్పగించబడినది. పోషణ పురుషుని సొత్తు అని అక్కడ లేదు. రోము నుండి వెళ్లగొట్టబడిన అకుల ప్రిస్కిల్లలు కొరింథులో ఒకే వృత్తితో బ్రతికారు. ఎవరి సంపాదన ఎంతో లూకా రాయలేదు.

అయితే వెంట వెళ్లినవారు ఊరకే కూర్చోవాలని కాదు. పని లేని మనిషికి ఆ ఒంటిగది ఇల్లు చెరసాలే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంట్లో ట్యూషను చెప్పుకోవడానికి 2023 డిసెంబరులో ప్రత్యేక అనుమతి ప్రవేశపెట్టారు. ఉద్యోగము లేనివారు కూడ దరఖాస్తు చేయవచ్చును. అనుమతి లేకుండ చెబితే జరిమానా. ఆ దేశములో కుటుంబాన్ని పిలిపించుకోవడానికి 2019 నుండి ఉద్యోగపు పేరు గాక జీతము చూస్తున్నారు.

ఉద్యోగము వెదికేటప్పుడు మరొక నొప్పి ఉన్నది. మన నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, అక్కడి తెలుగు కూలీల మధ్య సేవకు, వెళ్లారు. ఆ కూలీల మునిమనుమలకు ఇప్పుడు దక్షిణాఫ్రికా పాస్‌పోర్టు ఉన్నది. కొరియా ఇంగ్లీషు టీచర్లను తీసుకొనే ఏడు దేశాలలో అదొకటి. చెన్నైలో ఇరవై ఏళ్లు వ్యాకరణము చెప్పినవారికి మాత్రము, 2010లో అమలైన ఒప్పందము వలన, సహాయక టీచరు స్థానము వరకే దారి. భాష వచ్చునా అని గాక పాస్‌పోర్టు ఏది అని అడిగే లోకమిది. అలాంటి తిరస్కారము మోసుకొని ఇంటికి వచ్చినవారిని ఇంకొక మాట అనడము ఎందుకు?

వెళ్లేవారు ఒప్పందము మీద సంతకము పెట్టకముందు దంపతులిద్దరూ కూర్చొని చదవండి. అది కుటుంబముతో ఉండనిచ్చే ఉద్యోగమా, ఒంటరిగా ఉండవలసినదా అన్నది జీతము అంకె కంటే ముందు చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే, అంతకు మించి అడిగినవాని గడప తొక్కవద్దు. మందిరములో ఇచ్చిన వివాహపత్రముతో ఊరుకోకండి. తమిళనాడులో 2009 చట్టము ప్రకారము రిజిస్ట్రారు దగ్గర కూడ నమోదు కావాలి. భార్య గాని భర్త గాని తరువాత వీసాకు ఆ పత్రమే అడుగుతారు.

ఆదివారము విదేశాలలో ఉన్నవారి కొరకు ప్రార్థించేటప్పుడు మనము చదివే పట్టికలో ఉద్యోగము చేసేవారి పేర్లే ఉన్నాయి. వెంట వెళ్లినవారి పేర్లను, ఇక్కడ ఉండిపోయినవారి పేర్లను కూడ కార్యదర్శిగారికి రాసి ఇవ్వగలరు.