నలభై ఏళ్ళ మిత్రుడు, హైదరాబాదు ప్రయాణం

కర్నూలులో మిత్రునికి నలభై ఏళ్ళు నిండుతున్నాయని, ముగ్గురు స్నేహితులు అతణ్ణి హైదరాబాదు తీసుకెళ్ళి, రెండు రోజులు చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం తిప్పి విందు చేయాలనుకున్నారు. తలా మూడు వేలు. ఇది ధర్మసమ్మతమేనా అని నన్నడిగారు.

కేకు కోసి పుట్టినరోజు జరుపుకోవడం మన సంప్రదాయం కాదు. మహాప్రవక్త (సఅసం) సోమవారం ఉపవాసం పాటించేవారు. అది తాను పుట్టిన రోజని చెప్పారు. మిత్రుణ్ణి సంతోషపెట్టే ప్రయాణం మాత్రం మంచిదే. దూరం 200 కి.మీ. దాటుతుంది, ఖస్ర్ నమాజు చేసుకోవాలి. (మ్యూజియంకు శుక్రవారం సెలవు, జుమాకు మక్కా మసీదు దగ్గరే ఉంది!)

నన్ను ఆలోచింపజేసింది ఆ మూడు వేలే. ముగ్గురిలో ఒకరు ఆటో నడుపుతారు. డబ్బు మాట వచ్చినప్పుడు ఆయన 'సరే' అన్నారు గానీ తల ఎత్తలేదు. మనస్ఫూర్తిగా ఇవ్వనిదే తోటి ముస్లిం సొమ్ము మనకు హలాల్ కాదని హదీసు. నలుగురిలో సిగ్గుపడి అన్న 'సరే' మనస్ఫూర్తి అవుతుందా? కాదు. విందు తగ్గించుకోండి, లేదా ఆయన వాటా చాటుగా మీరే భరించండి అని తర్వాత మిగతా ఇద్దరికీ చెప్పాను.

ఇంకొక మాట. దివ్యఖుర్ఆన్ అహ్ఖాఫ్ సూరా 15వ ఆయతులో, నలభై ఏళ్ళకు చేరిన సజ్జనుడు తనకూ తన తల్లిదండ్రులకూ దక్కిన అనుగ్రహాలకు కృతజ్ఞత చూపే భాగ్యం ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుంటాడు. మరి ఆ మిత్రుని తల్లి ఇంట్లోనే ఉన్నారు కదా, కారులో ఆమెకు చోటుందా అని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.