దరువు ఆగే చోటు

హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో గణేశుడి లడ్డూ వేలం ముగిసిందంటే నిమజ్జన ఊరేగింపు కదలడమే తరువాయి. 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం పాట 2024లో 30 లక్షల ఒక వెయ్యి రూపాయలు పలికింది. అక్కడి నుంచి చార్మినార్ మీదుగా హుస్సేన్ సాగర్ దాకా దారి పొడవునా మోతే మోత.

తెలంగాణలో ఇలాంటి జాతరల్లో, ఊరేగింపుల్లో కర్రసాము, కత్తిసాము చేసేవాళ్లు కనిపిస్తారు. వాళ్ల వెనుక ఏ వాద్యం మోగాలి? పైకి ఇది అభిరుచికి సంబంధించిన మాటే. కానీ దేవుడి ముందు ఆయుధం తిప్పుతున్నప్పుడు అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న కూడా.

డప్పునే తీసుకుందాం. ముందు చిన్న మంట వేస్తారు. చర్మం బిగిసి గొంతు తేలేదాకా డప్పును కాచుతారు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. కొట్టేవాడి చూపంతా సాము చేసేవాడి భుజం మీదే. కర్ర జోరందుకుంటే దరువు జోరందుకుంటుంది. కర్ర జారితే దరువు తగ్గుతుంది. జనం మరీ దగ్గరికి వస్తే ఆగిపోతుంది.

డీజే పెట్టెలకు ఆ చూపు లేదు.

ఆయుధానికీ దేవుడికీ నడుమ ఈ ముడి పాతదే. యోధుల నాట్యమైన పేరిణికి మూలం కూడా లయే. కాకతీయ గణపతిదేవుడి గజసేనాధిపతి జాయపసేనాని 13వ శతాబ్దిలో రాసిన ‘నృత్తరత్నావళి’నీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ ఈ నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. యోధులు యుద్ధానికి వెళ్లే ముందు శివుడి ఎదుట ఆడేవారని చెప్పుకుంటారు. చేతిలోని బలాన్ని ముందు దేవుడికి అప్పగించి, ఆ తర్వాతే కదనానికి కదలడం అందులోని భావం.

భగవద్గీత మొదలయ్యేదీ మోతతోనే. భీష్ముడు శంఖం ఊదుతాడు, భేరులు మోగుతాయి, పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం బదులిస్తాయి. ఆ హోరు తర్వాతే అర్జునుడు రథాన్ని రెండు సేనల నడుమ నిలపమంటాడు. ఎదుట ఉన్నవాళ్ల ముఖాలు చూస్తాడు. గీత పుట్టింది ఆ ఆగిన చోటే. హోరు వీరుణ్ని లేపుతుంది. తానెవరి మీద చెయ్యెత్తుతున్నాడో చూసుకునే తీరిక మాత్రం విరామమే ఇస్తుంది. సాముకు సంగీతం ఎంచుకునేవాళ్లు మొదట వెతకాల్సింది ఆగడం తెలిసిన వాద్యాన్ని.

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ నిర్ణయం శబ్దం గురించి. డప్పుకు దక్కాల్సిన చోటు గురించి ఆలోచించాల్సింది ఊళ్లే. వినాయకుడి ముందు మోగే డప్పే ఎన్నో పల్లెల్లో పీర్ల ముందూ మోగుతుంది. తరతరాలుగా దాన్ని మోగించిన దళితులను గుడి గడప బయటే నిలబెట్టారన్నదీ మరవకూడదు. డప్పును పిలిచే ఊరు డప్పు కొట్టే మనిషికీ పీట వేయాలి.

ఊరేగింపు మధ్యలో చర్మం వదులైతే డప్పులవాళ్లు మళ్లీ మంట దగ్గరికి వెళ్తారు. సాము చేసే కుర్రాడు చెమట తుడుచుకుని, కర్రను కళ్లకద్దుకుని, వాళ్లు వచ్చేదాకా నిలబడతాడు.