గురువైన అతిథి

చదువరులారా, పరదేశమునకు బోయి, అచ్చటివారికి తన భాషను నేర్పి, ఆ జీతముతో అచ్చటి యన్నము తినువాడు ఆ యూరివారికి అతిథియా, గురువా? అతిథికొక మర్యాద కలదు. గురువునకు వేఱొక మర్యాద కలదు. అతిథి యింటివారి నడవడిని దిద్దబూనరాదు. గురువు దిద్దక యూరకుండరాదు. ఈ రెండు ధర్మములు నొక్కనియందే చేరినప్పుడు వాడే త్రోవ బట్టవలయును? ఇంగ్లీషు బోధించుటకై దేశాంతరములకు బోవువారు నేడు వేలకొలది యున్నారు. వారిని గూర్చి తలచినప్పుడెల్ల మాకొక మనుష్యుడు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆయన లాఫ్కేడియో హెర్న్. తండ్రి ఐర్లండువాడు, బ్రిటిషు సేనలో వైద్యుడు. తల్లి గ్రీకు స్త్రీ. 1850లో ఒక గ్రీకు ద్వీపమున బుట్టి, డబ్లినులో బెరిగి, చిన్ననాటనే యొక కన్ను పోగొట్టుకొని, అమెరికాకు బోయి పత్రికలకు వ్రాయుచు పొట్టపోసికొనెను. 1890లో జపానునకు వచ్చినదియు పత్రికావ్యాసములకొఱకే. కాని ఆ యొప్పందమును త్వరలోనే విడిచి, షింజి సరస్సు నొడ్డుననున్న మత్సుయే పట్టణమున ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా గుదిరెను. నెలకు నూఱు యెన్నుల జీతము. ఆ యూర నది చాల పెద్ద సొమ్ము. పాశ్చాత్యులతో సరితూగ గోరి జపాను ప్రభుత్వమువారు ఆ కాలమున న్యాయము, వైద్యము, యంత్రనిర్మాణము, భాష నేర్పుటకు విదేశీయులను గొప్ప వేతనములిచ్చి రప్పించుచు, తమవారు నేర్చిన కొలదిని వారిని బంపివేయుచుండిరి. అందు మాకు దోషము గానరాదు. ఇంటిలో దీపము వెలిగిన పిదప అగ్గి యెరువిచ్చిన పొరుగువానిని రాత్రియంతయు నిలుపుకొనువారెవరు?

మత్సుయేలో హెర్నునకు బ్రహ్మానందమైనది. తెల్లవాఱుజామున రోకటిపోటు, గుడిగంట, సరస్సుపై మంచు, విద్యార్థుల వినయము, ఒకటేమి, సర్వమును ఆయనకు ముద్దు గొలిపెను. వారి దుస్తులు దాల్చెను, వారివలె చాపలపై గూర్చుండెను. 1894లో వెలువడిన గ్రంథమున "ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుని దినచర్య" యను భావము గల పేరితో నాటి తరగతిముచ్చటలు వ్రాసెను. అందు శిష్యులపై ప్రేమ నిండియున్నది. చలికి దాళలేక 1891లో కుమమోటోకు మారగా, అచ్చటి క్రొత్తపోకడలును, సైనికుల శిబిరములును ఆయనకు రోతపుట్టించెను. జపాను పాశ్చాత్యమగుచున్నదని జాబులలో వాపోయెను.

ఇచ్చటనే మా సందేహము. ఆయన యేవగించుకొనిన యా మార్పునకు వాహనము ఇంగ్లీషే కదా! ఆ వాహనమును నడపుటకే గదా ఆయనకు జీతమిచ్చిరి! పగలు బడిలో తాను దున్నిన నేలను సాయంకాలము చూచి, పచ్చిక పోయెనే యని దుఃఖించిన యట్లున్నది. ఆయన కపటి యని మేమనము. ప్రేమించిన వస్తువు మారరాదని కోరుట మనుష్యస్వభావము. కాని ఆ వస్తువొక జాతి యైనప్పుడు, ఆ కోరిక ప్రేమయా, స్వామిత్వమా?

ఈ ప్రశ్న ఆయన యింటిలోనే మఱింత సూటిగ వచ్చినది. భార్య సెత్సు 1868లో సమురాయి కుటుంబమున జనించినది. ప్రభుత్వము మాఱి ఆ తరగతివారి జీవనములు పోగా, నేత నేసి యింటివారిని బోషించుచుండెను. మొదటి భర్త విడిచిపోయెను. పరిచర్యకై హెర్నునింటికి వచ్చి పిమ్మట నర్ధాంగి యయ్యెను. ఆయనకు జపాను భాష చాలినంత రాదు. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఇరువురును గలిసి యొక వింతపలుకు కల్పించుకొనిరి. మాటలు జపానువే, విభక్తులు లేవు, క్రియలు రూపము మార్చవు, వరుస మాత్రము ఇంగ్లీషునకు దగ్గఱ. దానికి "హెర్నుగారి భాష" యను పేరు నిలిచినది. ఆ పలుకుతోనే పదుమూడేండ్లకు పైగా కాపురము సాగెను. పాతపుస్తకముల యంగళ్లలో వెదకి కథలు దెచ్చి, చదివి, ఆమె యాయనకు రాత్రులందు చెప్పెడిది. పుస్తకము చూచి చదువరాదు, నీ మాటలతో జెప్పవలయునని ఆయన పట్టుపట్టెడివాడు. 1904లో అచ్చయిన "క్వైదాన్" కథలలో పెక్కు లట్లు పుట్టినవే.

సెత్సు ఇంగ్లీషు నేర్వ దొడగెను. భర్త పలికిన మాటలను, చెవికి వినబడినట్లు, తన లిపిలో వ్రాసికొనిన యామె చిన్నపుస్తకము నేటికిని నిలిచియున్నది. కాని ఆ చదువు ముందునకు సాగలేదు. తాను గొప్ప చదువు చదివినదానను గానైతినే యని ఆమె నొచ్చుకొనగా, ఆయన చేయిపట్టి పుస్తకముల బీరువాకడకు దీసికొనిపోయి, ఈ గ్రంథములన్నియు నెవరివలన గలిగినవని యడిగెనట. చదువుకొన్నదానవైనచో ఈ కథలను వెఱ్ఱిమాటలని త్రోసివేసెడిదానవని యాయన భావము. ఇది మెప్పే, హృదయపూర్వకమైన మెప్పే. అయినను మాకు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది. ఏలయన, అదే యింట పెద్దకుమారుడు కజువోకు ఆ తండ్రియే ప్రతిదినమును ఇంగ్లీషు నేర్పెను. పాత వార్తాపత్రికల కాగితములపై కుంచెతో పెద్ద యక్షరములు వ్రాసి మఱీ దిద్దించెను!

కొడుకునకు లోకము, ఇల్లాలికి కథలు. మన తాతల యిండ్లలోనిది గాదా యీ పంపకము? కుఱ్ఱవానిని పట్టణమునకు బంపి ఇంగ్లీషు చదివించి, ఆడుదానికి చాకలిపద్దు వ్రాసికొనునంత చదువు చాలునని నిర్ణయించిన పెద్దలందఱును క్రూరులు గారు. ఆమె మాటలోని తీయందనము, పాటలు, నోములు చెడునని నిజముగ భయపడినవారు వారిలో బెక్కురు గలరు. తీయందన మెవరి చెవికని మాత్రము వారు విచారింపలేదు. హెర్నును అంతే. ఏది చదివిన తన కథలు పోవునో, ఏది చదివిన తనకు లోకము తెలియునో నిర్ణయించుకొనవలసినది సెత్సు. తాళపుచెవి చేతనున్నవాడు లోపలివారి ముచ్చటకొఱకే తలుపు వేసితినన్నచో మేమొప్పుకొనజాలము.

ఇక ఆతిథ్యఋణమును గూర్చి. పదునాలుగేండ్లకు పైగా ఆ నేలపై నుండియు హెర్న్ జపాను వార్తాపత్రికను చదువజాలడయ్యెను. భార్యకు వారి సులభలిపిలో జాబులు వ్రాయునంతవఱకే వచ్చెను. దీనికి నెఱగు గలదు. అరకన్ను చూపుతో వేలకొలది చిత్రాక్షరములు నేర్చుట సామాన్యము గాదు. కాని యొక సంగతి యాలోచింపుడు. మన కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు గూలికి బోయినవారు కొలదినెలలలోనే పనికి వలసిన అరబ్బీ, హిందీ మాటలు పట్టుకొందురు. లేకున్న దినము గడవదు. వారినెవరును భాషావేత్తలనరు. భాష యమ్మవచ్చినవానికి మాత్రము భాష కొనకయే దినము గడచును. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరలకు జదువు చెప్పించ దలచినప్పుడు ముందుగ తామే సవరభాష నేర్చి, ఆ భాషలోనే వాచకములు వ్రాసిరి. నేర్పువాడు ముందు నేర్వవలెనని ఆయనకు నిర్బంధించినవారెవ్వరు? ఎవ్వరును లేరు.

హెర్నునకు న్యాయము చేయక విడువరాదు. భార్యాబిడ్డల పౌరత్వమును ఆస్తియు నిలుచుటకై 1896లో తన బ్రిటిషు పౌరసత్వమును విడిచి, భార్య యింటిపేరు గైకొని, కోయిజుమి యకుమో యను జపానీయుడయ్యెను. తెల్లవారి గౌరవము సర్వత్ర చెల్లుచున్న కాలమున నది స్వల్పత్యాగము గాదు. ఆ సంవత్సరమే టోకియో విశ్వవిద్యాలయమున జేరి, విద్యార్థులు వ్రాసికొనుటకు వీలుగ మెల్లమెల్లగ జెప్పుచు సాహిత్యము బోధించెను. మీరు ఇంగ్లీషులో గ్రంథకర్తలు గావలదు, ఈ సారముతో మీ భాషను బలపఱుపుడని వారికి హితవు చెప్పెను. ఇట్టి మాట చెప్పగల ఇంగ్లీషు గురువులు అరుదు. 1903లో విశ్వవిద్యాలయమువారాయనను తొలగింపగా విద్యార్థు లలజడి చేసిరి. ఆ స్థానమునకు వచ్చినవారిలో నొకడు నత్సుమే సోసెకి; రెండేండ్లు లండనులో నొంటరిగ నుండి, ఆ దినములు తన జీవితమున మిక్కిలి దుర్భరములని తరువాత వ్రాసికొనినవాడు. ఒకడు పరదేశమును ప్రేమించి గురువయ్యెను. ఒకడు పరదేశమున బాధపడి వచ్చి గురువయ్యెను. శిష్యులకు మొదట హెర్నే యిష్టుడు. కాని నూతన జపాను వచనమునకు దారిదీసినవాడు సోసెకి.

పుట్టుకచే భాష గలవాడే యుత్తమ బోధకుడను నమ్మకము 1961లో ఉగండాలోని మకెరెరెలో జరిగిన సభతో మఱింత బలపడినది. జపానులో 1987లో మొదలైన ప్రభుత్వప్రణాళిక తొలియేట 848 మందిని నాలుగు దేశములనుండి రప్పించెను. దక్షిణ కొరియాలో నేటికిని ఆ యుద్యోగపు అనుమతి ప్రధానముగ ఏడు దేశముల పౌరులకే లభించుచున్నది. చక్కని ఇంగ్లీషు వచ్చిన మన యాడపడుచులలో నొకతె యచ్చట దరఖాస్తు పెట్టిన, ఆమె వ్యాకరణమును గాక పాస్‌పోర్టును జూతురు. పోయిన యువకులలో పలువురు ఒక యేడు రెండేడులుండి, తమలో దాము గూడి, ఊరివారి పేరులైన సరిగ బలుకనేరక మరలివచ్చుచున్నారు. అట్టివారికంటె హెర్ను వేయిరెట్లు మేలు. ఆయనపై మా యభియోగము ప్రేమించినవానిపై నభియోగమే.

1904లో ఆయన గతించెను. సెత్సు చెప్పిన జ్ఞాపకములు 1914లో జపానుభాషలో వెలువడినవి. ఆమె పెనిమిటిని గూర్చి యామె మాటలలో వినగోరిన ఇంగ్లీషు చదువరులకు 1918 వఱకు వేచియుండవలసి వచ్చెను. ఆ యేట నితరులు దానిని తర్జుమా చేసిరి.