బ్రేకు దగ్గర పొదుపు

పాత చీర దిండుగలీబు కావడం మన ఇళ్ళల్లో మామూలే. పొదుపు ఇల్లాలికి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. అయితే 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 ఇంకా మన వాకిట్లో ఉంది. ఓ రోజు ఉన్నట్టుండి బ్రేకు తొక్కితే కాలు కిందిదాకా దిగిపోయిందనుకోండి. అక్కడా పొదుపేనా?

పొదుపే! కాని ఎందులో అన్నదే ప్రశ్న. "అన్నీ మార్చెయ్యాలమ్మా" అన్న మెకానిక్ మాటకి తలూపేముందు, బండి కదపకుండా చూడండి. బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గిందా? చక్రాల లోపలివైపు తడిగా ఉందా? ఉంటే అక్కడ కారుతోందన్నమాట. ఎక్కడా తడి లేకపోయినా, తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కుంగుతోందా? మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగి ఉండవచ్చు. స్పంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరి ఉంటుంది. జబ్బేదో తెలిస్తే అక్కర్లేని ఖర్చు తప్పుతుంది.

కాని, "జీతం వచ్చాక చూద్దాంలే, అందాకా మెల్లగా నడుపుకుందాం" అనుకోవడం మాత్రం పొదుపు కాదు. పాత చీర మరో ఏడాది కట్టుకుంటే ఆ ఇబ్బందేదో మనదే. బ్రేకు పట్టని బండి తీస్తే, వీధి మలుపులో బడినుంచి వస్తున్న ఎవరి బిడ్డో దానికి మూల్యం చెల్లించాలి. మనకి నాలుగు డబ్బులు మిగలడానికి ఆ బిడ్డ పూచీ పడాలా?

చేతిలో డబ్బు ఆడనప్పుడు బండికి తాళం వేసి బస్సెక్కడమే అసలైన పొదుపు. టిక్కెట్టు డబ్బులకి మాత్రం చూసుకోకండి!