తక్కెడ పట్టినదెవరు?

పనికీ జీవితానికీ మధ్య సమతుల్యం ఉండాలని ఈనాడు అందరూ అంటున్నారు. ఉద్యోగులూ అంటున్నారు, యాజమాన్యాలూ అంటున్నవి. ఇరుపక్షాలూ ఒకే మాట అంటున్నప్పుడు ఆ మాటను కొంచెం పరీక్షించి చూడవలసి ఉంటుందని నా అభిప్రాయం. పనిని ఒక తట్టలోనూ జీవితాన్ని మరొక తట్టలోనూ పెట్టి తూచమంటున్నారు. కాని తక్కెడ పట్టినదెవరు? తూకపు రాళ్లు ఎవరివి?

కరోనా కాలంనాటి బ్యాంకు ఉద్యోగుల అనుభవాన్ని తీసుకుందాం. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు, అత్యవసర సేవ గనుక బ్యాంకులు తెరిచే ఉన్నవి. ఏప్రిల్ నుంచి మూడు నెలలు జనధన ఖాతాలున్న స్త్రీలకు నెలకు 500 రూపాయలు జమ అయినవి. ఖాతా నంబరు చివరి అంకెనుబట్టి రోజులు కేటాయించినా శాఖల ముందు బారులు తప్పలేదు. ఆ ఏప్రిల్ 1వ తేదీనే పది ప్రభుత్వరంగ బ్యాంకులు నాలుగైనవి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నోట్లు లెక్కించే పని ఇంటినుంచి సాగదు. ఇంటినుంచి సాగే పనికేమో వేళాపాళా లేకుండా పోయింది. దాని భారం ఇంటి చాకిరీ కూడా మోసే స్త్రీలమీద రెట్టింపుగా పడింది.

ఇంత శ్రమకు కొలత ఏమిటి? ఆ నవంబరు 11న కుదిరిన పదకొండవ ద్వైపాక్షిక ఒప్పందం పనితీరుకు ప్రోత్సాహకాన్ని ప్రవేశపెట్టింది. బ్యాంకు లాభం అంతకుముందు ఏటికన్న 5 శాతం పెరిగితే 5 రోజుల జీతం. 10 శాతం దాటితే 10 రోజులది. 15 దాటితే 15 రోజులది. అనగా పనితీరుకు కొలత లాభమే. సంతకం రాని ముసలమ్మకు ఆ 500 రూపాయలు అందించడానికి అరగంట ఓపిక పట్టిన గుమాస్తా శ్రమ ఈ లెక్కకు అందదు. ఆ అరగంటలో ఎవరికో ఒక బీమా పాలసీ అంటగట్టి ఉంటే అందేది! 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు ప్రజలకు చెప్పిన ఆశయం ఇదేనా?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. వలస కూలీలు వందల మైళ్లు నడిచిపోతూంటే, నెలజీతం ఆగని ఉద్యోగి సమతుల్యం గురించి మాట్లాడడం న్యాయమా? తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదిది. ఆ రోజుల్లో నెలజీతం గొప్ప రక్షణ. ఐతే ఎండలో బారు తీరిన కూలి స్త్రీ పోగొట్టుకున్న పూటా, కౌంటరు లోపల గుమాస్తా పోగొట్టుకున్న సాయంత్రమూ ఒకే కారణంవల్ల పోయినవి: పనికి తగినన్ని చేతులు లేవు. ఆమె అతన్ని సోమరి అనుకున్నంతకాలం, అతను ఆమెను బెడద అనుకున్నంతకాలం ఆ కారణం ఎవరి కంటా పడదు.

1886లో చికాగో కార్మికులు సమతుల్యం కోరలేదు. ఎనిమిది గంటల పనిదినం కోరారు. సమతుల్యం అనేది ఉద్యోగికి ఇచ్చే సలహా. అది కుదరకపోతే తప్పు అతనిదే అవుతుంది. పనిగంటల పరిమితి హక్కు. అది ఉల్లంఘిస్తే తప్పు యాజమాన్యానిది. కనుక ఉద్యోగ సంఘాలు పనిగంటలతోపాటు తగినంత సిబ్బందినీ, సేవను కూడా లెక్కించే కొలతనూ కోరాలి. ఆ కోరికలో ఖాతాదారులను కూడా కలుపుకోవాలి. లేనిచో తట్టలు మనవే అయినా, తక్కెడ మాత్రం వారి చేతిలోనే ఉంటుంది.